ఎగ్జిబిషన్ రైడ్లు, పెద్ద పార్కు రైడ్లు: ఎక్కే ముందు ఏం చూడాలె?

హన్మకొండ_రాట్నం · సాయంత్రం 6:40

ఎండాకాలం సెలవులు దగ్గర పడ్డాయి. కుడా గ్రౌండ్‌లోనో హయగ్రీవాచారి గ్రౌండ్‌లోనో ఎగ్జిబిషన్ పడుతుంది, జెయింట్ వీల్ లేస్తుంది. ఏటా ఈ సమయానికి గ్రూపుల్లో రెండు మాటలే తిరుగుతుంటాయి. ఎగ్జిబిషన్ రైడ్లన్నీ డొక్కువి, పిల్లల్ని ఎక్కించొద్దు అని ఒకటి. అంత భయముంటే పైసలు పెట్టుకొని హైదరాబాద్‌లో పెద్ద పార్కుకు పోవాలె, అక్కడ ఏ రందీ లేదు అని ఇంకొకటి. నేను రెండూ ఒప్పుకోను. అదే కంపెనీ చేసిన కొలంబస్ (ముందుకూ వెనక్కూ ఊగే పెద్ద పడవ) ఒక ఊరిలో భద్రంగా నడుస్తుంది, ఇంకో ఊరిలో భయపెడుతుంది. తేడా అంతా నడిపేవాళ్లలో ఉంటుంది. టికెట్ కొనకముందు కటకటాల బయట పదిహేను నిమిషాలు నిలబడి చూస్తే చాలావరకు తేలిపోతుంది.

జెయింట్ వీల్‌తో మొదలుపెడతా. జనాన్ని ఎట్లా ఎక్కిస్తున్నారో చూడండి. తెలిసిన ఆపరేటర్ ఒక డబ్బా నింపగానే చక్రాన్ని సగం తిప్పి ఎదురు డబ్బా నింపుతాడు. తర్వాత పావు తిప్పి మూడోది, దాని ఎదురుది నాలుగోది. తెలియనివాడు వరుసగా ఒకటి, రెండు, మూడు నింపుకుంటూ పోతాడు. దాంతో బరువంతా ఒక పక్కకే చేరుతుంది. రద్దీ తగ్గిన రాత్రివేళ ఇది మరీ ముఖ్యం. రెండే కుటుంబాలు ఉంటే వాళ్లను పక్కపక్క డబ్బాల్లో ఎక్కించే చక్రం నేను ఎక్కను, ఎవరినీ ఎక్కనివ్వను.

ఇంకొకటి, డబ్బా నిటారుగా వేలాడుతోందా? పైన వేలాడే పిన్ను దగ్గర గ్రీజు ఎండిపోతే డబ్బా చక్రంతో పాటు కొంచెం వంగి, తర్వాత ఒక్క కుదుపుతో సర్దుకుంటుంది. పైకి పోయేటప్పుడు కిర్రుమని ఆగి ఆగి ఊగే డబ్బా కనిపిస్తే ఆ చక్రానికి పొద్దున గ్రీజు పెట్టలేదనే లెక్క.

లెక్కల_సార్ · 7:02

ఒక పక్కే నింపితే ఏమవుతుందో అంకెల్లో చూద్దాం. చక్రం వ్యాసార్థం 12 మీటర్లు, ఒక డబ్బాలో నలుగురు పెద్దవాళ్లు, 260 కిలోలు అనుకోండి. ఆ డబ్బా పక్కకు, ఇరుసు ఎత్తుకు వచ్చినప్పుడు చక్రాన్ని కిందికి తిప్పే బలం 260 × 9.81 × 12, అంటే దాదాపు 30,600 న్యూటన్ మీటర్లు. మూడు డబ్బాలు పక్కపక్కన నిండితే 90 వేలకు దగ్గర. అదంతా బ్రేకు మీద, అంచు చుట్టూ తిరిగే డ్రైవ్ రోప్ పట్టు మీద పడుతుంది. రోప్ తడిస్తే పట్టు తగ్గుతుంది, చక్రం తనంతట తాను జారుతుంది. ఎదురెదురుగా నింపితే ఈ సంఖ్య సున్నాకు దగ్గరవుతుంది. ఖర్చేమీ లేని జాగ్రత్త ఇది.

ఫిట్టర్_కాజీపేట · 7:31

పిన్నుల సంగతి నేను చెప్త. ఇవన్నీ ఊరూరికి విప్పి కట్టే రైడ్లు. ఇయ్యాల ఐనవోలు జాతరల ఉంటది, మర్నాడు కొత్తకొండల ఉంటది. విప్పినప్పుడల్లా చిన్న సామాన్లు పోతయి: పెద్ద పిన్ను జారకుండ పట్టే ఆర్ క్లిప్పులు, కాటర్ పిన్నులు, ఇంక వాషర్లు. పోయినకాడ ఏం పెట్టిన్రు అన్నదే చూడాలె. ఆర్ క్లిప్పు ఉండాల్సిన రంధ్రంల మేకు వంచి పెట్టిన్రా, బైండింగ్ వైరు చుట్టిన్రా, ఆ రైడ్ ముచ్చట అక్కడికే బంద్. మేకు మెత్తటి ఇనుము. ఊపుకు అటూఇటూ వంగి వంగి తెగుతది, దాని ఎన్క పెద్ద పిన్ను మెల్లగ బయటికొస్తది.

బోల్టు తల మీద అంకె చూడున్రి. 8.8 అని ఉంటే హైటెన్సైల్, అంటే గట్టి ఉక్కు బోల్టు. ముందటి 8 అంటే 800 మెగాపాస్కల్ (లాగుడు ఒత్తిడి కొలత) దాక తెగదని, చుక్క తర్వాతి 8 అంటే దాంట్ల 80 శాతం దాక, అంటే 640 దాక సాగిపోదని. మామూలు హార్డ్‌వేర్ షాపుల దొరికేది 4.6, అంటే 400 దాకనే. చూపుకు రెండూ ఒక్కతీరే ఉంటయి. 20 ఎంఎం 8.8 బోల్టుకు సుమారు 400 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలె. మీటరు పొడుగు పైపు ఏసి కొసకు 40 కిలోల బరువు ఏలాడదీసినంత. చేతి అంచనాతోని ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితది. బిగింపు కొలిచే టార్క్ రెంచి పెట్టి బిగించి, నట్టు మీది నుంచి ప్లేటు మీదికి పెయింటుతోని ఒక గీత గీయాలె. మర్నాడు పొద్దుగాల గీత కలుస్తలేదంటే నట్టు కదిలిందన్నట్టు. గీతలున్న రైడ్ కనపడ్డదంటే ఆడ ఒక మంచి మిస్త్రీ ఉన్నడని తెలుసుకోవాలె.

కొత్తగ రంగేసిన రైడ్ చూసి మురవొద్దు. వెల్డింగ్ పగుళ్లు రంగు కింద దాగుతయి. పగులు ఉన్నకాడ తుప్పు నీళ్లు కారి సన్నటి ఎర్ర చార కనపడతది. తెల్ల రంగు మీద ఎర్ర చార అంటే అది దుమ్ము గాదు.

నల్లరేగడి_పరకాల · 7:58

అందరూ పైకే చూస్తున్నరు, కింద కూడా చూడండి. చెల్క నేలలో రైడ్ నిలబెట్టడం వేరు, రేగడిలో వేరు. రేగడి ఎండితే నెర్రెలు బారుతుంది, వాన పడితే ఉబ్బి మెత్తబడుతుంది. సాయంత్రం సమంగా ఉన్న జాకీ (రైడ్ బరువు మోసే కాలు) రాత్రి వాన తర్వాత ఒక మూల దిగిపోతుంది. అందుకే జాకీ కాలు నేరుగా మట్టి మీద ఉండొద్దు. కింద రైల్వే స్లీపర్ లాంటి మందమైన చెక్కలు అడ్డంగా, నిలువుగా రెండు వరుసలు వేస్తే బరువు పరుచుకుంటుంది. విరిగిన ఇటుకలు, రాళ్లు పెట్టి సర్దిన జాకీని నమ్మొద్దు. ఇటుక పొడైపోతుంది.

20 మీటర్ల ఎత్తున్న చక్రం ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగితే పై కొస దాదాపు 35 సెంటీమీటర్లు జరుగుతుంది. కంటికి అంతగా తెలియదు. కానీ ఇరుసు బేరింగుల మీద పక్క బరువు పడటం మొదలవుతుంది. మేస్త్రీలు వాడే లెవల్ ట్యూబుతో వాన పడ్డ ప్రతిసారీ నాలుగు మూలలూ చూడాలి. వాన వెలిసిన గంటకే లైట్లు వేసి తిప్పుతున్నారంటే చూడలేదనే నా అనుమానం.

నయీంనగర్_అక్క · 8:20

ఇవన్ని సరే గని అన్నా, చిన్నపిల్లలతోని పోయేటోళ్లకు చెప్పున్రి. నాలుగేండ్ల పాప, తొమ్మిదేండ్ల బాబు. ఎవరిని ఏది ఎక్కియ్యాలె? టికెట్ ఇచ్చేటాయన "ఏం గాదు, ఒళ్లో కూసోబెట్టుకోండి" అంటడు.

హన్మకొండ_రాట్నం · 8:41

అక్కా, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అనేదే అసలు ప్రమాదం. కొలంబస్‌లో, గిరగిర తిరిగే బ్రేక్ డాన్స్‌లో అడ్డ కడ్డీ మీ తొడల మీద ఆగుతుంది, ఒళ్లో ఉన్న పాపకు కడ్డీ ఉండదు. ఉన్నది మీ చేతులే. ఊపు వచ్చినప్పుడు 15 కిలోల పాప 30 కిలోలకు పైగా బరువు తూగుతుంది. కడ్డీకీ మీ పొట్టకూ మధ్య నలిగే అవకాశం కూడా ఉంది.

పెద్ద పార్కుల్లో వయసు అడగకుండా ఎత్తు కొలిచేది ఇందుకే. కడ్డీ తొడ మీద కూర్చోవాలి, వీపు సీటుకు ఆనాలి, కాలు నేలకో ఫుట్‌రెస్టుకో తగలాలి. ఈ మూడూ కుదరని పిల్లవాడు ఎన్నేండ్లవాడైనా ఆ సీటుకు చిన్నవాడే. మీ బాబును ఇట్లాగే చూసుకోండి.

పాపకు రంగుల రాట్నం, నేల మీద పోయే చిన్న రైలు చాలు. డ్రాగన్ రైలైతే ముందు ఖాళీగా ఒక చుట్టు తిరిగేటప్పుడు చెవిపెట్టి వినండి. పట్టాల అతుకుల దగ్గర టకటక అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. ఒక్కచోట మాత్రమే గట్టిగా దబ్బుమంటే అక్కడ పట్టా ఎత్తుపల్లం అయినట్టు. డాషింగ్ కార్లు పైన జాలీ నుంచి కింద రేకుకు వంద వోల్టుల లోపు డీసీతో నడుస్తాయి. స్తంభం కొస దగ్గర చిన్న నిప్పురవ్వలు మామూలే. మధ్యలో కారు దిగి రేకు మీద నడవడమే తప్పు, ఎందుకంటే పక్క కార్లు ఆగవు.

చున్నీ, జడ గురించి ఒక మాట. చున్నీ విప్పి బ్యాగులో పెట్టాలి, మెడ చుట్టూ ముడి వెయ్యడం ఇంకా చెడ్డది. జడను పైకి చుట్టి క్లిప్పు పెట్టాలి. గో కార్టుల్లో వెనక ఇరుసు సీటు పక్కనే తిరుగుతుంటుంది. దాని మీద కవరు లేని కార్టులో పొడుగు జుట్టున్నవాళ్లు కూర్చోకూడదు. హెల్మెట్ ఒక్కటే సరిపోదు, జుట్టు లోపలికి దోపే టోపీ కావాలి.

లెక్కల_సార్ · 9:05

కొలంబస్ లెక్క కూడా ఉండనివ్వండి. లోలకం ఎంత కోణం లేస్తే, కింది బిందువు దగ్గర శరీరం అంత బరువు తూగుతుంది. 60 డిగ్రీలు లేస్తే కింద 2 రెట్లు, పై కొసన సగం. 75 డిగ్రీలైతే కింద దాదాపు రెండున్నర రెట్లు, పైన పావు. పై కొసన బరువు తగ్గినప్పుడే మనిషి సీటు నుంచి లేస్తాడు, కడ్డీ పని అప్పుడే. పడవ కొసల్లో కూర్చున్నవాళ్లకు మధ్యలో ఉన్నవాళ్ల కంటే ఎక్కువ కోణం పడుతుంది. బాబును మధ్య వరుసలో కూర్చోబెట్టండి.

బ్రేక్ డాన్స్, టోరా టోరా లాంటి గిరగిర తిరిగే రైడ్లలో అసలు ప్రమాదం వేగం పెంచడంలో ఉంది. బయటికి నెట్టే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 5 మీటర్ల దూరంలో కూర్చున్న మనిషికి నిమిషానికి 12 చుట్లు తిరిగితే శరీర బరువులో 0.8 వంతు. 15 చుట్లు చేస్తే 1.26 వంతు. మూడు చుట్లు పెంచితే బలం సగానికి పైగా పెరిగింది. మైకులో "ఇంకా స్పీడ్ కావాలా?" అని అడిగి జనం అరిచినకొద్దీ పెంచే ఆపరేటర్‌కు ఈ లెక్క తెలియదు. అక్కడి బేరింగులకూ, వెల్డింగులకూ తెలుస్తుంది.

ఈ రైడ్లలో అందరూ బయటి వైపుకే జరుగుతారు. బరువైన మనిషి బయట, పిల్లవాడు లోపల కూర్చోవాలి. తిరగేసి కూర్చుంటే పిల్లవాడు పెద్దవాళ్ల కింద నలుగుతాడు.

జెన్‌సెట్_జనగామ · 9:22

కరెంటు వైపు చూడవలసినవి కొన్నే. జనరేటర్ నుంచి రైడ్‌కు పోయే కేబుల్ జనం నడిచే దారి మీద ఉంటే మట్టిలో పైపు వేసి పూడ్చాలి. ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకు తడి నేల మీద ఉంటే ఆ రైడ్ కటకటాలను చేత్తో ముట్టుకోవద్దు. ప్రతి రైడ్ ఇనుప చట్రం నుంచి ఎర్త్ తీగలు రెండు, రెండు వేర్వేరు చోట్ల భూమిలోకి దిగాలి. ఎండాకాలం మన నేల ఎండిపోయి ఎర్త్ రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి ఎర్త్ పిట్‌లో రోజూ నీళ్లు పొయ్యాలి. అలంకరణ లైట్లకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్) తప్పనిసరి. కటకటాలకు చుట్టిన సీరియల్ లైట్లే ఎక్కువగా షాక్ కొడతాయి, పెద్ద మోటార్ కాదు.

మోటార్‌ను నేరుగా స్టార్ట్ చేస్తే నడిచే కరెంటుకు ఆరు రెట్లు లాగుతుంది. లైట్లన్నీ ఒక్కసారి మసకబారుతున్నాయంటే జనరేటర్ చిన్నదైంది, లేదా మోటార్‌ను మెల్లగా స్టార్ట్ చేసే స్టార్ డెల్టా, వీఎఫ్‌డీ లాంటి స్టార్టర్లు లేకుండా నడుపుతున్నారు. జనరేటర్ మధ్యలో ఆగితే ఏం చేస్తారో ఆపరేటర్‌ను అడగండి. చక్రాన్ని చేత్తో తిప్పి దించే ఏర్పాటు ఉందని చూపిస్తే మంచిది. "ఆగదు సార్" అన్నాడంటే ఏర్పాటు లేనట్టే.

క్యూలైన్ · 9:50

పెద్ద పార్కుల వైపు నేను రాస్తాను. హైదరాబాద్ దగ్గరి రావిర్యాలలో వండర్‌లా పార్కును 2016 ఏప్రిల్‌లో తెరిచారు. మన వైపు నుంచి పోయేవాళ్లు జనగామ, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 13వ ఎగ్జిట్‌లో దిగితే సరి, సిటీలోకి పోవాల్సిన పని లేదు.

అక్కడి రికాయిల్ అనే రైడ్ బూమరాంగ్ రకం కోస్టర్, అంటే ఎత్తుపల్లాల పట్టాల మీద దూసుకుపోయే రైలు. నెదర్లాండ్స్ కంపెనీ వెకోమా 1984 నుంచి ప్రపంచమంతా కడుతున్న నమూనా ఇది. రైలును వెనక్కి మొదటి గోపురం మీదికి, 35 మీటర్లకు పైగా ఎత్తుకు లాగి వదులుతారు. స్టేషన్ గుండా దూసుకుపోయి మూడుసార్లు తలకిందులై రెండో గోపురం ఎక్కుతుంది, అక్కడ చైన్ పట్టుకొని పైకి లాగుతుంది, మళ్లీ వదిలితే అదే దారిలో వెనక్కి ఇంకో మూడుసార్లు. పట్టా మీద ఒక్క రైలే నడవగలదు, ఎందుకంటే వచ్చిన దారిలోనే తిరిగి రావాలి. రైలుకు 28 సీట్లు. నాలుగు నిమిషాలకు ఒక రైలు పోతే గంటకు 420 మంది, మూడు నిమిషాలకైతే 560. ఆ ఒక్క నిమిషం ఎక్కడ పోతుందో చూడండి: బ్యాగులు పెట్టడం, చెప్పులు విప్పడం, కడ్డీ సరిగ్గా పడక మళ్లీ ఎత్తడం. ప్లాట్‌ఫారం మీదికి రాకముందే బ్యాగులు తీసుకొని, సీట్ల వరుసలు పంచి నిలబెట్టే పార్కు క్యూను పావు వంతు తగ్గిస్తుంది. కొత్త రైడ్ కొనడం కంటే ఇద్దరు మనుషులను అదనంగా పెట్టడం మేలని నా గట్టి అభిప్రాయం.

ఎక్కువ డబ్బు కట్టి ముందు పోయే టికెట్లంటే నాకు ఇష్టం లేదు. మీ ముందు 280 మంది ఉన్నారు, గంటకు 420 సీట్లు, అంటే 40 నిమిషాలు. మూడో వంతు సీట్లు ఆ టికెట్లకు పోతే మీకు మిగిలేది 280, అదే క్యూ గంట అవుతుంది. అమ్మేటప్పుడు ఈ మాట చెప్పరు. అమ్మాలనుకుంటే ఆ వాటాను పదో వంతుకు పరిమితం చేసి గేటు దగ్గర బోర్డు పెట్టాలి. మూసి ఉన్న రైడ్ల పేర్లు కూడా టికెట్ కౌంటర్ ముందే రాయాలి, లోపలికి పోయాక కాదు.

ఫిట్టర్_కాజీపేట · 10:08

తమ్మీ, ఆ టికెట్ల మీద నీతోని కలువను. వరంగల్ నుంచి పొయ్యి సాయంత్రం రైలు అందుకోవాలనుకునేటోనికి అది అక్కరకొస్తది. ఎంత వాటా అన్నది మాత్రం నువ్వు చెప్పినట్టు బోర్డు మీద రాయాలె. గది సరే గని, కోస్టర్ నడుమల ఆగిపోతదంటరు గదా, ఎందుకు?

క్యూలైన్ · 10:19

రెండు రకాలు అన్నా. సెన్సర్ ఏదైనా అనుమానం చెబితే కంప్యూటర్ రైలును లిఫ్ట్ మీదనో బ్రేకు మీదనో ఆపుతుంది. అది భద్రత పని చేస్తున్నట్టు గుర్తు, భయపడొద్దు. కడ్డీ ఎత్తే ప్రయత్నం చెయ్యొద్దు, మనిషి వచ్చి మెట్ల మీదుగా దించుతాడు. రెండోది, ఊపు చాలక రెండో గోపురం చైన్ దాకా చేరకపోవడం. అప్పుడు లోయలో అటూఇటూ ఊగి నిలుస్తుంది. చలి పొద్దున చక్రాల మీది పాలీయురేథేన్ (రబ్బరు లాంటి ప్లాస్టిక్) గట్టిగా ఉండి, గ్రీజు చిక్కబడి, రైలు ఖాళీగా ఉంటే ఇట్లా జరుగుతుంది. అందుకే తెరవకముందు ఖాళీ రైళ్లను కొన్నిసార్లు తిప్పి వేడెక్కిస్తారు. పొద్దున గేటు తెరిచాక కూడా ఖాళీ రైలు తిరుగుతుంటే విసుక్కోకండి.

నయీంనగర్_అక్క · 10:30

నీళ్ల రైడ్లల్ల? కాటన్ బట్టలు ఒద్దంటరు, నైలాన్ కొనిపిస్తరు. అది వ్యాపారమా, నిజంగ పనికొస్తదా?

క్లోరిన్_హుజూరాబాద్ · 10:52

నిజంగానే పనికొస్తుందక్కా. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, స్లైడ్ మీద పట్టేసి మధ్యలో ఆపుతుంది, వెనకవాడు వచ్చి గుద్దుతాడు. నూలు పోగులు ఫిల్టర్‌లో పేరుకుంటాయి. గుండీలు, జిప్పులు ఫైబర్‌ను గీకి తర్వాతివాళ్ల వీపు కోస్తాయి. ఇంటి దగ్గరి నైలాన్ బట్టలు తీసుకుపోతే కొనే పని ఉండదు.

నీళ్లకు ముక్కూ కన్నూ చాలు. కొలను అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ గట్టు మీంచి స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే మునిగినవాడు కూడా కనిపించడు, దిగొద్దు. ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందనుకుంటారు, అది తప్పు. క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసి క్లోరమిన్లు అయినప్పుడే ఆ ఘాటు, కళ్ల మంట. ఫ్రీ క్లోరిన్ (ఇంకా దేనితోనూ కలవనిది) 1 నుంచి 3 పీపీఎం, అంటే పది లక్షల్లో 1 నుంచి 3 వంతులు, నీటి ఆమ్లత చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం పని చేస్తుంది, 8కి చేరితే నాలుగో వంతు కూడా చెయ్యదు. బోరు నీళ్లు గట్టివైనచోట పీహెచ్ పైకే పోతుంటుంది కాబట్టి యాసిడ్ కలుపుతూ ఉండాలి. మన ఎండకు స్టెబిలైజర్ (ఎండకు ఎగిరిపోకుండా కలిపే మందు) లేని క్లోరిన్ రెండు గంటల్లో చాలావరకు ఎగిరిపోతుంది. పొద్దున ఒక్కసారి రీడింగ్ రాసి ఊరుకునే పార్కులో మధ్యాహ్నం మూడింటికి దిగకండి. రెండు గంటలకోసారి రాసిన బోర్డు పెట్టే చోటికే పోవాలి.

స్లైడ్ పైన ఉన్నవాడు కింది గార్డు చెయ్యి ఊపాకే పంపుతున్నాడా, లెక్కపెట్టి పంపుతున్నాడా చూడండి. మనుషులు ఒకే వేగంతో జారరు, బరువైనవాడు ముందున్న పిల్లవాణ్ణి అందుకుంటాడు.

హన్మకొండ_రాట్నం · 11:10

చివరిగా గాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర సాయంత్రం ఒక్కసారిగా ఈదురుగాలి లేస్తుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 13814 ప్రకారం ఇట్లాంటి రైడ్లు సెకనుకు 15 మీటర్ల గాలి దాకానే నడపాలి, అంటే గంటకు 54 కిలోమీటర్లు. పైన గాలి కొలిచే గిన్నెల మీటరు ఉన్న జెయింట్ వీల్ మన ఎగ్జిబిషన్లలో అరుదు. పోలీసు, ఫైర్, కార్పొరేషన్ అనుమతులు ఇచ్చేటప్పుడు ఆ మీటరు కూడా అడగాలని నా కోరిక. దానికయ్యే ఖర్చు నిర్వాహకులకు భారం కాదు.

ఇక దించే లెక్క. 16 డబ్బాలు, ఒక్కో డబ్బా ఖాళీ చెయ్యడానికి 40 సెకన్లు, మొత్తం 11 నిమిషాలకు దగ్గర. గాలి దుమారం మొదలయ్యాక దించుదామంటే సగం మంది పైనే ఉంటారు. పడమట మబ్బు కమ్మి, టెంట్ల గుడ్డలు కొట్టుకోవడం మొదలవగానే టికెట్లు ఆపాలి. అప్పటికీ కౌంటర్ తెరిచే ఉంటే క్యూలోంచి బయటికి వచ్చెయ్యండి.

నల్లరేగడి_పరకాల · 11:18

దించేటప్పుడు కూడా ఎదురెదురుగానే ఖాళీ చెయ్యాలని చేర్చండి. తొందరలో ఒకే పక్క దించితే లెక్కల సార్ చెప్పిన బరువు మళ్లీ మొదటికొస్తుంది, అదీ గాలిలో.

నయీంనగర్_అక్క · 11:25

ఆదివారం పోదామనుకుంటున్నం. ముందుగాల పిన్నుల ఫొటోలు తీసి ఈడ పెడ్త, ఫిట్టరన్నా జర చూసి చెప్పు. బాబుకు కొలంబస్ల మధ్య వరుస, పాపకు రాట్నం.

ఫిట్టర్_కాజీపేట · 11:31

పెట్టు చెల్లె. పిన్ను ఒక్కటే గాదు, బోల్టు తల మీది అంకె కనపడేటట్టు దగ్గరికెళ్లి తియ్యి. డబ్బా తలుపు గొళ్లెం కూడా తియ్యి, రెండు ఉండాలె.